ప్రాథమిక బడి చదువు: రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

అపోహ: సిలబస్ పూర్తయితే చదువు వచ్చినట్టే.

వాస్తవం: ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతులు చెప్పే టీచర్‌గా, నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. మా నాలుగో తరగతిలో ఒక పాప పాఠం గడగడా చదివేది. వేలు మాత్రం పై వరుస దగ్గరే ఆగిపోయేది. అనుమానమొచ్చి మధ్యలో ఒక పదం చూపించాను. నోరు మెదపలేదు. పాఠమంతా బట్టీ పట్టింది, ఒత్తులు ఒక్కటీ రావు.

లెక్కల్లోనూ అంతే. 41 లోంచి 13 తీసేయమంటే 32 వేస్తారు. 1 లోంచి 3 పోదు కాబట్టి 3 లోంచి 1 తీసేస్తారు. ఆ పిల్లలకు భాగహారం ఏం ఎక్కుతుంది? పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడిగా ఒక పుల్ల ఇచ్చి, ఒక కట్ట వాళ్ల చేతే విప్పించాలి. రెండు రోజులు పడుతుంది. అన్నాళ్లూ సిలబస్ ఆగితే ఆగనివ్వండి. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో, 2018లో మన దేశపు గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు.

అపోహ: వెనకబడ్డ పిల్లలను పైకి తేవాలంటే పెద్ద డిగ్రీలు ఉండాలి.

వాస్తవం: ముంబై, వడోదర మునిసిపల్ బడుల్లో 'బాలసఖి'లుగా పనిచేసింది చుట్టుపక్కల అమ్మాయిలే. వెనకబడ్డ పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, వాళ్లకు రానిచోటి నుంచి మొదలుపెట్టారు. మార్కులు పెరిగాయి.

అపోహ: పుస్తకాలు, కంప్యూటర్లు ఇస్తే చాలు.

వాస్తవం: 1990ల్లో పశ్చిమ కెన్యాలో బడులకు పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. లాభపడింది ముందే బాగా చదివేవాళ్లు. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. పెరూలో ల్యాప్‌టాప్‌లు పంచాక 319 బడుల్లో పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో మెరుగు కనపడలేదు.

అపోహ: జీతం పెంచితే టీచర్లు బాగా చెబుతారు.

వాస్తవం: ఇండోనేషియాలో మూల వేతనం రెట్టింపు చేశారు. టీచర్లు సంతోషించారు, పిల్లల చదువు మాత్రం మారలేదు. టీచర్‌నై ఉండి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

అపోహ: తల్లిదండ్రులకు చదువు లేకపోతే ఇంట్లో ఏ సాయమూ అందదు.

వాస్తవం: మొదట చెప్పిన ఆ నాలుగో తరగతి పాప వాళ్లమ్మ మిరప కోతలకు వెళ్తుంది, సంతకం కూడా రాదు. "రోజూ రాత్రి మీకు తోచిన పేజీ తీసి, వేలు పెట్టి చదివించుకోండమ్మా" అన్నాను. నెల తర్వాత బడి గేటు దగ్గర ఆగి చెప్పింది: "ఇప్పుడు తడుముకోవడం తగ్గింది మేడమ్. నిన్న మా మందుల చీటీ చదివింది."