ప్లే స్టోర్ కమీషన్ గొడవ: ఆ నాలుగు శాతం వెనక కథ

2024 మార్చి 1, శుక్రవారం. భారత్ మ్యాట్రిమోని, షాదీ, నౌకరీ, 99ఏకర్స్, కుకు ఎఫ్ఎం, హైదరాబాదులో పుట్టిన డేటింగ్ యాప్ క్వాక్‌క్వాక్ వంటివి గూగుల్ ప్లే స్టోర్‌లోంచి ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. యాప్‌లో జరిగే అమ్మకాల మీద తమకు కట్టాల్సిన ఫీజు పది కంపెనీలు కట్టడం లేదన్నది గూగుల్ మాట. అప్పటికే ఫోన్లో ఉన్న యాప్ పనిచేస్తూనే ఉంది. కొత్తగా దించుకోవడానికీ, అప్‌డేట్ చేసుకోవడానికీ మాత్రం దారి మూసుకుపోయింది. మర్నాడే ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ కలగజేసుకున్నారు. సోమవారం సమావేశం జరిగింది, మంగళవారానికల్లా యాప్‌లు తిరిగొచ్చాయి. అసలు తగాదా మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఈ తగాదాను ‘డబ్బు ఏ పేమెంట్ గేట్‌వే (కార్డు, యూపీఐ చెల్లింపులు వసూలు చేసి పెట్టే ఏర్పాటు) ద్వారా కట్టాలి’ అన్న గొడవగా చెప్పడం అందరికీ అలవాటైంది. కోర్టు కాగితాల్లో కూడా చాలావరకు అదే భాష. కానీ గేట్‌వే మార్చుకునే వీలు వచ్చాక కూడా కమీషన్‌లో తగ్గింది నాలుగు శాతమే. ఆ నాలుగు ఎక్కడిదో తెలిస్తే మిగతా కథంతా తెలిసినట్టే.

2008 జులై 10న ఆపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు అందులో ఉన్నవి దాదాపు 500 యాప్‌లు. యాప్ అమ్మితే వచ్చిన సొమ్ములో 70 పాళ్ళు రాసినవాడికి, 30 పాళ్ళు ఆపిల్‌కు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ మార్కెట్ పెట్టింది. దాని లెక్కా 70:30కే కుదురుకుంది. 2012లో అదే ప్లే స్టోర్ అయింది. అప్పట్లో ఈ పంపకం ఎవరికీ భారం కాలేదు, ఎందుకంటే అమ్మేది యాప్‌నే, అదీ ఒక్కసారే. 2009లో ఆపిల్, 2011లో గూగుల్ యాప్ లోపల కొనుగోళ్ళకు తలుపు తెరిచాక లెక్క మారిపోయింది. ఇప్పుడు యాప్ ఉచితం. నెలనెలా వచ్చే చందా మీద, ఆటలో కొనే నాణేల మీద కమీషన్. ఒకసారి కట్టే ప్రవేశ రుసుము కాస్తా ప్రతి నెలా వసూలయ్యే పాలుగా మారింది.

వస్తువులకూ, బయట అందే సేవలకూ ఈ కమీషన్ లేదు. బిర్యానీ, ఆటో, కరెంటు బిల్లు, బీమా దేనికైనా మీ ఇష్టమొచ్చిన పద్ధతిలో కట్టుకోవచ్చు. ఫోన్లోనే అందే డిజిటల్ సరుకుకే పట్టింపు. పెళ్ళి భోజనాలు యాప్‌లో ఆర్డరిస్తే గూగుల్‌కు పైసా వెళ్ళదు. పెళ్ళి సంబంధాలు చూసే చందా కడితే వెళ్తుంది. మ్యాట్రిమోని కంపెనీలు ముందువరసలో నిలబడి కొట్లాడింది ఇందుకే.

మన దేశంలో చిచ్చు రాజుకున్నది 2020 సెప్టెంబరులో. 18న పేటీఎం యాప్‌ను, క్రికెట్ స్టిక్కర్ల క్యాష్‌బ్యాక్ జూదం నిబంధనకు విరుద్ధమంటూ ప్లే స్టోర్ నుంచి గూగుల్ తీసేసి కొన్ని గంటల తర్వాత మళ్ళీ పెట్టింది. ఇంకో పది రోజులకే బిల్లింగ్ ప్రకటన వచ్చింది. యాప్‌లో అమ్మకాలకు గూగుల్ సొంత చెల్లింపు పద్ధతి ‘ప్లే బిల్లింగే’ వాడాలన్న నియమం అంతకు ముందూ ఉంది గానీ, యాప్ బయట కూడా వాడుకోగల డిజిటల్ సరుకుకు మినహాయింపు అన్న సందు ఒకటి ఉండేది. పాటలు, పాఠాలు, సంబంధాల యాప్‌లు ఆ సందులోంచే నడిచాయి. దాన్ని మూసేస్తున్నామని, 2021 సెప్టెంబరు 30 గడువని గూగుల్ చెప్పింది. స్టార్టప్‌లు భగ్గుమనడంతో మన దేశానికి మాత్రం గడువు 2022 మార్చికి, తర్వాత అక్టోబరు 31కి జరిగింది.

ఈలోగా రేట్లు దిగాయి. 2021 జులై నుంచి ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల అమ్మకాలపై 15 శాతం, 2022 జనవరి నుంచి చందాలన్నిటికీ 15 శాతమే. మన దేశపు డెవలపర్లు రెండు లక్షల పైచిలుకు ఉంటే, వారిలో 15 శాతానికి మించి కట్టేవారు 60 మంది లోపేనని గూగుల్ చెబుతుంది. అంకె నిజమే కావచ్చు. కానీ చాలామంది యాప్‌లలో అమ్మకమే ఉండదు, కట్టేవారు మూడు శాతమేనని చెప్పిందీ గూగులే. అమ్మకం ఉన్నవాళ్ళ గొడవను అమ్మకం లేనివాళ్ళ సంఖ్యతో కొట్టేయడం అంత సబబుగా లేదు.

2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు వారం తిరక్కుండా రెండు జరిమానాలు వేసింది. 20న ఫోన్ కంపెనీలతో ఆండ్రాయిడ్ ఒప్పందాల కేసులో 1,337.76 కోట్లు, 25న ప్లే బిల్లింగ్ కేసులో 936.44 కోట్లు. రెండోదాంట్లో కమిషన్ ప్రధానంగా రెండు విషయాలు పట్టుకుంది. ఒకటి, గూగుల్ సొంత యూట్యూబ్‌కు ఈ బిల్లింగ్ భారం లేదు, పోటీ యాప్‌లకు ఉంది. రెండు, ‘మా వెబ్‌సైటులో చవక’ అని యాప్ లోపల చెప్పడానికి వీల్లేదన్న ఆంక్ష.

ఆ ఆంక్ష కొనేవాడి జేబుకు ఎలా తగులుతుందో ట్విట్టర్ బ్లూ ధర చూస్తే చాలు. 2023 ఫిబ్రవరిలో ఇక్కడ మొదలైనప్పుడు వెబ్‌సైటులో నెలకు 650, మొబైల్ యాప్‌లో 900 రూపాయలు. 900లో 30 శాతం తీసేస్తే 630 మిగులుతుంది, అంటే కమీషన్ మొత్తం కొనేవాడి నెత్తినే పడింది. ఆండ్రాయిడ్‌లో చందాల కమీషన్ అప్పటికే 15 శాతం, అయినా అక్కడా 900లే పెట్టారు. కమీషన్ తగ్గినంత మాత్రాన ధర తగ్గుతుందని నమ్మేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కమిషన్ ఆదేశం తర్వాత, 2023 జనవరి 25న గూగుల్ ‘యూజర్ చాయిస్ బిల్లింగ్’ను మన దేశంలో ఆటలతో సహా అన్ని యాప్‌లకూ తెరుస్తున్నామంది. కొనేటప్పుడు తెర మీద రెండు దారులు కనిపిస్తాయి: గూగుల్ ప్లే, డెవలపర్ సొంత పేమెంట్. రెండోది ఎంచుకుంటే కమీషన్ నాలుగు శాతం తగ్గుతుంది. 15 ఉంటే 11, 30 ఉంటే 26.

వెయ్యి రూపాయల చందా తీసుకోండి, జీఎస్టీ పక్కన పెట్టండి. ప్లే బిల్లింగ్‌లో 150 పోయి 850 వస్తుంది. సొంత గేట్‌వేలో గూగుల్‌కు 110. కార్డయితే గేట్‌వేకు రెండు శాతం లెక్కన ఇంకో 20. చేతికొచ్చేది 870. యూపీఐకి 2020 నుంచి వ్యాపారి రుసుము లేదు గనక ఇంకాస్త మిగలొచ్చు. ఆ ఇరవై, ముప్పై రూపాయల కోసం ఎంత పనో చూడండి. గూగుల్ వ్యవస్థతో మాట్లాడే ఏపీఐ అనే కోడును యాప్‌లో కలుపుకోవాలి. ప్రతి లావాదేవీనీ దాని టోకెన్ (గుర్తింపు సంకేతం)తో సహా 24 గంటల్లోగా గూగుల్‌కు నివేదించాలి, దాన్నిబట్టి బిల్లు వస్తుంది. రీఫండు అడిగితే, డబ్బు రెండుసార్లు కోసుకుపోతే ఫోనెత్తాల్సింది డెవలపరే. చిన్న కంపెనీకి ఒక ఇంజినీరు జీతం కూడా గిట్టదు.

అంటే గూగుల్ లెక్కలో పేమెంట్ నడపడానికయ్యే ఖర్చు నాలుగు శాతం. మిగతా 11, 26 పేమెంట్‌కు కాదు, స్టోరుకు. గూగుల్ కూడా దీన్ని బిల్లింగ్ రుసుమనదు, సర్వీస్ ఫీజంటుంది. ఇది మన ఒక్కరి అనుభవమేమీ కాదు. బయటి పేమెంట్‌కు వీలివ్వాలని 2021లో దక్షిణ కొరియా చట్టమే చేసింది. అక్కడ 30 కాస్తా 26 అయింది. నెదర్లాండ్స్‌లో డేటింగ్ యాప్‌ల కోసం నియంత్రణ సంస్థ వారానికి 50 లక్షల యూరోల చొప్పున పది వారాలు జరిమానా వేస్తే, ఆపిల్ బయటి పేమెంట్‌కు ఒప్పుకుని 27 శాతం అడిగింది. అమెరికాలో ఆటల కంపెనీ ఎపిక్ గేమ్స్ వేసిన కేసు తర్వాత 2024 జనవరిలో బయటి లింకులకు ఆపిల్ పెట్టిందీ అదే 27. 2025 ఏప్రిల్ 30న అక్కడి జడ్జి అది కోర్టు ధిక్కారమని తేల్చి ఆపించారు. పేమెంట్ తలుపు తెరవమని ఆదేశమిచ్చిన ఈ చోట్లన్నిటా కంపెనీలు తమంతట తాము తగ్గించింది మూడు నాలుగు శాతమే.

మన కంపెనీలకు మూడో దారి ఒకటి మిగిలింది: యాప్‌లో అసలు అమ్మకమే పెట్టకపోవడం. చందా వెబ్‌సైటులో కట్టాలి, యాప్‌లో లాగిన్ మాత్రమే. అప్పుడు కమీషన్ సున్నా. కానీ ఎక్కడ కట్టాలో చెప్పే లింకు యాప్‌లో ఉండకూడదు. పేరున్న కంపెనీకి ఇది నడుస్తుంది. కొత్తగా వచ్చినవాడి యాప్ తెరిచినాయనకు కొనే బటనే కనిపించకపోతే, వెబ్‌సైటు వెతుక్కుంటూ వెళ్ళేదెవరు?

మద్రాసు హైకోర్టు 2023 ఆగస్టులో కంపెనీల దావాలను ఇది కాంపిటీషన్ కమిషన్ పరిధి అంటూ తోసిపుచ్చింది. 2024 జనవరిలో అప్పీళ్ళూ పోయాయి, ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు మధ్యంతర ఊరట ఇవ్వలేదు. మార్చి 1 వేటుకు దారి పడింది అలా. ఆ నెల 15న కమిషన్ మొదటిసారి నేరుగా ఫీజు న్యాయమైనదేనా అన్న ప్రశ్న మీద విచారణకు ఆదేశించింది. 2020లోనే అడగాల్సిన ప్రశ్న అది. 936.44 కోట్ల పాత కేసులో, కమిషన్ ఆదేశాలపై అప్పీళ్ళు వినే అప్పిలేట్ ట్రైబ్యునల్ 2025 మార్చి 28న జరిమానాను 216.69 కోట్లకు దించింది. లెక్కకు ప్లే స్టోర్ ఆదాయమే తీసుకోవాలంది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది.

ఫీజు నచ్చకపోతే వేరే స్టోరుకు వెళ్ళొచ్చు కదా, ఆండ్రాయిడ్ ఆపిల్ లాంటిది కాదు కదా అంటారు. నిజమే, దారి ఉంది, గతుకులే ఎక్కువ. ఫోన్‌పే 2024 ఫిబ్రవరిలో ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది. తెలుగుతో సహా 12 భారతీయ భాషలు, సొంత గేట్‌వే వాడితే కమీషన్ లేదు. కానీ అది ప్లే స్టోర్‌లో దొరకదు. బ్రౌజర్‌లో ఏపీకే (యాప్‌ను నేరుగా వేసుకునే ఫైలు) దించుకోవాలి, ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనుమతి బ్రౌజర్‌కు ఇవ్వాలి, హెచ్చరికలు దాటాలి. ఫోన్ కంపెనీయే ముందుగా వేసి ఇస్తే ఈ బాధ ఉండదు. షావోమీ తన సొంత స్టోరు గెట్‌యాప్స్ స్థానంలో ఇండస్‌ను తీసుకోవడం అందుకే దానికి కలిసొచ్చింది.

ఆ తర్వాత వచ్చే తంటా సంతకానిది. ప్రతి యాప్‌కూ అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలిపే డిజిటల్ సంతకం ఉంటుంది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు ప్లే స్టోర్ ‘యాప్ బండిల్’ పద్ధతే (డెవలపర్ ఇచ్చిన ఫైలు నుంచి చివరి యాప్‌ను గూగులే తయారుచేసే పద్ధతి) అడుగుతోంది, దాంతో సంతకం చేసే తాళంచెవి గూగుల్ దగ్గరుంటుంది. డెవలపర్ మొదట్లోనే తన తాళంచెవి గూగుల్‌కు అప్పజెప్పి నకలు తన దగ్గర ఉంచుకోకపోతే, తను సొంతంగా తయారుచేసి వేరే స్టోరులో పెట్టే కాపీకి వేరే సంతకం పడుతుంది. ప్లే స్టోర్ కాపీ మీద దాన్ని వేయబోతే ‘యాప్ ఇన్‌స్టాల్ కాలేదు’ అని వస్తుంది. పాతది తీసేస్తేనే కొత్తది ఎక్కుతుంది, తీసేస్తే లోపలి డేటా పోతుంది.

పోటీ స్టోర్లను ప్లే స్టోర్‌లోనే దొరకనివ్వాలని 2022లో కాంపిటీషన్ కమిషన్ చెప్పింది. 2023 మార్చి 29న ట్రైబ్యునల్ 1,337.76 కోట్ల జరిమానాను నిలబెట్టి, పది ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. కొట్టేసినవాటిలో ఇదీ ఒకటి. ఏడాదిన్నరకు, 2024 అక్టోబరులో, శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు ఎపిక్ కేసులో గూగుల్‌కు సరిగ్గా ఇలాంటి ఆదేశమే ఇచ్చింది.

భద్రత అన్న గూగుల్ వాదన వట్టి సాకేం కాదు. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే నొక్కి ఖాతా ఖాళీ అయినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. అలాంటి యాప్‌లు ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడిగి ఓటీపీ పట్టుకుంటాయి. ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ (తెర మీదున్నది చదివే) అనుమతులు కోరే బయటి యాప్‌లను, ఫోన్లో యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ ఏర్పాటు ప్లే ప్రొటెక్ట్ అడ్డుకునే పద్ధతి 2024లో మన దేశంలోనూ మొదలైంది. 2025 ఆగస్టులో గూగుల్ ఇంకో మెట్టెక్కింది. ఏ స్టోరులో పెట్టిన యాప్‌కైనా, వెబ్‌సైటులో ఉంచిన ఏపీకేకైనా, దాని డెవలపర్ గూగుల్ దగ్గర గుర్తింపు నమోదు చేసుకోవాలంది. బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో 2026 సెప్టెంబరు నుంచి, మిగతా దేశాల్లో 2027 నుంచి అని ప్రకటించింది. తెలిసినవాళ్ళు హెచ్చరికలు దాటి వేసుకునే వీలు ఉంచుతామని నవంబరులో కొంత సడలించింది. ఆ నిబంధన ఇక్కడికి వచ్చాక, ప్లే స్టోర్‌ను కాదని ఇండస్‌కు వెళ్ళిన డెవలపరు కూడా తన పేరు, గుర్తింపు కాగితాలు ఇచ్చుకోవాల్సింది గూగుల్‌కే.