వడియాలు ఎందుకు పెడుతున్నానంటే

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో పెద్దాడు అడిగాడు కదా, "అమ్మమ్మా, ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో వడియాల ప్యాకెట్ గుమ్మంలో ఉంటుంది, నువ్వు ఆ మోకాళ్లతో మేడెక్కడం దేనికి?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ రాత్రి పడుకున్నాక అదే ఆలోచన. అందుకే రాస్తున్నా. చిన్నదానికి నా రాత అర్థం కాకపోతే మీ అమ్మ చదివి పెడుతుంది.

ముందే ఒకటి ఒప్పుకుంటా. డబ్బులు మిగులుతాయని మాత్రం పెట్టట్లేదు. గుమ్మడికాయ, మినపప్పు, ఇంగువ అన్నీ లెక్కేసి, నా చాకిరీకి కూడా కూలి కట్టుకుంటే కొట్లో కొన్నదానికంటే ఎక్కువే తేలుతుంది. ఇంట్లో చేస్తే చవక అనే మాట వడియాల విషయంలో నమ్మకండి.

కాలు బెణికిన ఏడు నేనూ ఒక ప్యాకెట్ తెప్పించా. పేరు గుమ్మడి వడియాలే. కళ్లజోడు పెట్టుకుని వెనక చదివితే మొదటి పేరు బియ్యప్పిండి, గుమ్మడికాయ ఎక్కడో ఉప్పు పక్కన. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తర్వాత, అలా వరసగా రాయాలని మన దేశంలో నియమం ఉంది, ఇది బిస్కెట్లు కొనేటప్పుడు కూడా పనికొస్తుంది మీకు. అవి వేయిస్తే కరకరలాడాయి, అబద్ధం చెప్పను. గుమ్మడి ముక్క మాత్రం ఒక్కటీ పంటికి తగల్లేదు.

అసలు ఈ పనేంటో చెప్తా వినండి. బూడిద గుమ్మడికాయలో నూటికి 96 పాళ్లు నీళ్లే. ఆ నీళ్లు వదిలించుకోవడమే వడియాలు పెట్టడమంటే. ముందురోజు రాత్రి కాయ కోసి, గింజలు తీసేసి, తొక్కతోనే చిన్న ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, పాత పంచెలో మూట కట్టి మీద రుబ్బురోలు పొత్రం పెడతా. ఉప్పు ముక్కలో నీళ్లని బయటికి లాగుతుంది, బరువు వాటిని పిండేస్తుంది, తెల్లారేసరికి కింద పళ్లెం నిండా నీళ్లు, పైన మూట సగం. అదే రాత్రి పొట్టు మినపప్పు నానేసి, తెల్లవారుజామునే కడిగి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఇంగువ వేసి గట్టిగా రుబ్బాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గ్రైండర్ తిరగట్లేదని నీళ్లు పోసేస్తారు, పిండి జారైపోయి వడియం గుడ్డ మీద పరుచుకుంటుంది, తర్వాత వేయిస్తే నూనె తాగుతుంది. 3 కిలోల కాయకి అరకిలో పప్పు నా కొలత. మా అత్తగారు ముప్పావు కిలో వేసేవారు, నాకు అందులో పప్పు రుచే తప్ప గుమ్మడి తెలిసేది కాదు, ఆవిడ ఉండగా ఈ మాట అనే ధైర్యం లేదనుకోండి. పిండిలో మళ్లీ ఉప్పు వెయ్యబోయే ముందు రుచి చూడాలి, ఎందుకంటే ముక్కల్లో ఆల్రెడీ ఉంది, ఎండాక నీళ్లు పోతాయి, ఉప్పు పోదుగా.

ఎండ ముదరకముందే, పిండి పులవకముందే పెట్టెయ్యాలి. మేడ మీద తడి గుడ్డ పరిచి పెడతా. ఆ గుడ్డ మీద ఎవరి చోటు వాళ్లకి ఉంది. మధ్యలో మామూలువి. ఎడమ చివర రెండు వరసలు కారం లేనివి, చిన్నదానికి. కుడివైపు మిరపకాయ దట్టించినవి పెద్దాడికి. తాతయ్యకి డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పటి నుంచి ఆయనవి ఒక మూల విడిగా, వాటి ముక్కల మూట కూడా వేరే. ఎవరివో మర్చిపోకుండా పక్కన చిన్న రాయి పెడతా. పెద్దాడా, నీ ఫోన్లో ఇలా ఆర్డర్ పెట్టే చోటు ఎక్కడుందో చూపించు, అప్పుడు మానేస్తా.

మర్నాడు గుడ్డ తిరగేసి వెనక నీళ్లు చల్లితే వడియాలు ఊడొస్తాయి. తర్వాత పళ్లేల్లో ఇంకో మూడు నాలుగు ఎండలు. దోసిట్లోకి తీసుకుని ఆడిస్తే గలగలమనాలి, అప్పుడే డబ్బాలో పొయ్యాలి. ఒక ఏడు రెండో రోజే మబ్బు పట్టి వాన. లోపలికి తెచ్చి ఫ్యాను కింద పరిస్తే మూడో రోజుకి బంక, బూజు వాసన. మొత్తం పారబోశా, ఏడుపొచ్చింది. బూజు పట్టినదాన్ని పైపైన తుడిచి తినకూడదు, అది మాత్రం గుర్తుంచుకోండి. మీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ పదకొండుకల్లా పోతుంది కాబట్టి అక్కడైతే కొంచెమే పెట్టి, రెట్టింపు రోజులు ఎండబెట్టుకోవాలి.

ఇంకో సంగతి. మీ అమ్మనీ మామయ్యనీ చిన్నప్పుడు కాకుల కాపలాకి కూచోబెట్టేదాన్ని, ఒక నల్ల గొడుగూ ఒక కర్రా ఇచ్చి. రెండో రోజు సాయంత్రానికి వడియం పైన గట్టిపడి లోపల మెత్తగా, పుల్లపుల్లగా ఉంటుంది. ఆ సగం ఎండిన వడియం ఎంత బావుంటుందో తిన్నవాళ్లకే తెలుసు. సాయంత్రం చూస్తే ఒక వరస మాయం, అడిగితే కాకి. ఏ కాకి గొడుగు కింద కూచుని తింటుందర్రా?

అన్నీ ఇంట్లోనే చెయ్యాలని నా పంతం కాదు. అప్పడాలు నేను మానేసి ఇరవై ఏళ్లయింది, ఒత్తడానికి నలుగురు ఉండాలి, ఇప్పుడు ఎవరున్నారు? కొంటున్నా. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఇల్లాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు చెయ్యడం మొదలుపెట్టారు, అదే తర్వాత లిజ్జత్ అయింది. ప్యాకెట్‌లో వచ్చినా అవి ఆడవాళ్లు ఇళ్లల్లో చేత్తో ఒత్తినవే, కొనడానికి నాకేం నామోషీ లేదు. అలాగే ఇంట్లో చేసిందల్లా మంచిదనీ కాదు. మీ అమ్మకి నేను ఆముదం దీపంతో కాటుక పట్టి పెట్టేదాన్ని, పసిపిల్లల కళ్లకి కాటుక వద్దని డాక్టర్లు చెప్పాక మీ ఇద్దరికీ పెట్టలేదు. ఊళ్లో కొందరు మూతి తిప్పారు, తిప్పుకోనీ.

పెరటి పాదు గుమ్మడికాయ ఒకటి, బూడిద బాగా పట్టినది, ఉట్టిలో దాచా. కొయ్యకపోతే నెలల తరబడి పాడవదు. మీరు వచ్చేదాకా దాన్ని ముట్టుకోను. శుక్రవారం రైలెక్కితే శనివారం రాత్రి కోద్దాం. పొత్రం పెద్దాడే ఎత్తాలి, నావల్ల కాదు ఇంక. గొడుగు కొత్తది కొన్నా.

మీ అమ్మమ్మ