పాతకాలపు షీప్ర్ సెంట్లు: అపోహలు - వాస్తవాలు

పాత షీప్ర్ సీసా దొరికితే చాలామంది మూత తీసి ఒక్కసారి వాసన చూస్తారు, "పాడైపోయింది" అని పక్కన పెట్టేస్తారు. ఈ జాతి సెంటుకి ఇంతకంటే అన్యాయం ఉండదు. దాని గుణం బయటపడేది అరగంట తర్వాతే.

అపోహ: షీప్ర్ అంటే ఒక సెంటు పేరు.

ఫ్రెంచిలో షీప్ర్ అంటే సైప్రస్ దీవి. ఫ్రెంచి సెంట్ల తయారీదారు ఫ్రాంస్వా కోటీ 1917లో ఇదే పేరుతో తెచ్చిన సెంటు అందరికీ ఒరవడి అయ్యింది, ఆ పేరే ఒక సెంట్ల కుటుంబానికి స్థిరపడింది. పైన, అంటే ముందుగా తగిలే వాసనలో, బెర్గామాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె, నడుమ గులాబీ, మనం జాజి అనే పువ్వు, అడుగున, అంటే చివరిదాకా నిలిచే వాసనలో, ఓక్‌మాస్, లాబ్డనమ్ అనే చెట్టు బంక, పచౌలి ఆకు నూనె. గెర్లాన్ వారి మిత్సుకో (1919) దీనికి పీచ్ పండు మెత్తదనం జోడించింది, రాబర్ట్ పిగే వారి బాందీ (1944) తోలు ఘాటు తెచ్చింది. బెర్గామాట్ చల్లటి పులుపు ఒకవైపు, ఓక్‌మాస్ చేదు చీకటి మరోవైపు లాగుతుంటే మధ్యలో పూలు మరీ తియ్యగా మారకుండా నిలుస్తాయి. షీప్ర్ అందమంతా ఆ లాగుడులోనే ఉంది.

అపోహ: ఓక్‌మాస్ అంటే నాచు.

పేరులో మాస్ (నాచు) ఉన్నా అది లైకెన్, అంటే శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి. ఓక్ చెట్ల బెరడు మీద పెరుగుతుంది. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వుదీ అదే కుటుంబం, పార్మీలియేసీ. రాతిపువ్వు చిటికెడు తీసుకుని వేడి పెనం మీద రెండు క్షణాలు ఉంచి వాసన చూడండి. ఆ మట్టి, కట్టె వాసనకి తడి బెరడు, సిరా, సముద్రపు ఉప్పు గాలి కలిస్తే ఓక్‌మాస్ దగ్గరికి వచ్చినట్టే.

అపోహ: మొదటి వాసన చెడితే సెంటంతా చెడినట్టే.

ముందు చెడేది పైపొరే. నిమ్మజాతి నూనెల్లోని లిమోనీన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందుతుంది, అందుకే మొదటి కొన్ని నిమిషాలు టర్పెంటైన్‌లాగో గోళ్ల రంగులాగో కొడుతుంది. దళసరి కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి, గడియారం పెట్టుకుని 10 నిమిషాలకి, 30 నిమిషాలకి, 4 గంటలకి, మర్నాడు పొద్దున వాసన చూడండి. అరగంటకి ఓక్‌మాస్, పచౌలి లేస్తే సీసా బతికే ఉంది. 4 గంటలైనా ముక్కిపోయిన నూనె వాసనే వస్తుంటే అడుగు కూడా పోయినట్టే. ఇలా మారిన లిమోనీన్ చర్మానికి ఎలర్జీ తెప్పించగలదు. కాబట్టి ముందు మోచేతి మడతలో ఒక్క చుక్క రాసి రెండు రోజులు గమనించండి.

అపోహ: రంగు ముదిరితే పారేయాలి.

అక్కర్లేదు. వెనిలా వాసననిచ్చే వెనిలిన్ ఉన్నా, మెథైల్ ఆంథ్రనిలేట్ అనే వాసన పదార్థం ఆల్డిహైడ్‌లనే మరో రకం వాసన పదార్థాలతో కలిసినా రంగు ముదురుతుంది. తెల్ల బట్టల మీద మాత్రం చల్లకండి, మరక పోదు.

అపోహ: ఓక్‌మాస్‌ని నిషేధించారు.

నిషేధం ఓక్‌మాస్‌లో ఉండే అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే రెండు అణువుల మీద. ఎలర్జీ కలిగించేవి అవే. ఐరోపా సమాఖ్యలో 2021 ఆగస్టు తర్వాత అవి ఉన్న సరుకు అమ్మకూడదు. సెంట్ల పరిశ్రమ అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా నియమం ప్రకారం ఓక్‌మాస్ సారం సెంటులో 0.1 శాతం మించకూడదు. ఆ రెండూ తీసేసిన ఓక్‌మాస్‌తో, ఎవర్నిల్ అనే కృత్రిమ పదార్థంతో ఇవాళ్టి షీప్ర్‌లు చేస్తున్నారు. బాగుంటాయి, కానీ ఆ సిరా లోతు పలచబడింది. పాత సీసాల కోసం జనం వెతికేది దానికోసమే.

అపోహ: సహజ నూనెలు కాబట్టి భయం లేదు.

బెర్గామాట్‌లోని బెర్గాప్టెన్ ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్ల మచ్చలు తెస్తుంది. పాత సెంట్లలో దాన్ని తీసేయకుండానే వాడేవారు. పగలు మెడకి రాసుకుని బయటికి వెళ్లొద్దు.

దాచడం గురించి ఒక మాట. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, సీసా మాత్రం ఆగుతుందా? ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఉన్న ఓస్మోథెక్ అనే సెంట్ల భాండాగారంలో పాత సెంట్లని 12 డిగ్రీల చలిలో, గాలి బదులు ఆర్గాన్ నింపి దాస్తారు. మనకి ఫ్రిజ్‌లో కూరగాయల అర చాలు. సీసా అట్టపెట్టెలో ఉండాలి, నిలువుగా ఉండాలి. సగం ఖాళీ అయితే చిన్న గాజు సీసాలోకి మెడదాకా పోసేయండి.