జైసల్మేర్ కోటకి ఊట పట్టిన కథ

చలికాలంలో రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్లొచ్చిన మా కోనసీమవాళ్లు ఒంటె సవారీ గురించి, ఇసుక తిన్నెల గురించి చెబుతారు. అక్కడివాళ్ల టెన్షన్ వేరు. కోట లోపల హోటళ్లు ఉండాలా వద్దా అన్నది ఏళ్ల తరబడి తెగని గొడవ. గొడవంతా నీళ్ల దగ్గరే.

రావల్ జైసల్ 1156లో త్రికూట గుట్ట మీద ఈ కోటకి పునాది వేశాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధు ప్రాంతం వైపు వెళ్లే ఒంటెల బిడారులు ఇక్కడ ఆగి సుంకం కట్టేవి. మాళవలో పండిన నల్లమందు పాలీ, జైసల్మేర్ మీదుగా కరాచీ రేవుకి చేరేది. పట్వా వర్తకులు 1805లో హవేలీలు మొదలుపెట్టింది ఇలాంటి వ్యాపారం తెచ్చిన కలిమితోనే. 1843లో సింధు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. బొంబాయి రేవు పెరిగి సరుకు అటు మళ్లింది. 1947లో సరిహద్దు పడ్డాక మిగిలిన దారీ మూసుకుపోయింది. మన కోరింగ రేవుని 1839 ఉప్పెన దెబ్బతీసింది. జైసల్మేర్‌ది మాత్రం వందేళ్లపాటు మెల్లగా ఎండిపోవడం.

తర్వాత ఊరికి తిండి పెట్టింది టూరిస్టులే. వాళ్లతోపాటు కుళాయిలు, షవర్లు, ఫ్లష్ లెట్రిన్లు కోటలోకి ఎక్కాయి. ఏడాది మొత్తం మీద దాదాపు 200 మిల్లీమీటర్ల వానే పడే చోటది. మన దగ్గర గట్టి వాయుగుండం పడితే రెండ్రోజుల్లో అంత కురుస్తుంది. పూర్వం కోటలోకి నీళ్లు గడీసర్ చెరువు నుంచి బిందెలతో, నెత్తిన మోస్తే వచ్చేవి. నీళ్లు బయటికి పోయే పాత కాలవలు ఆ కాస్త నీళ్లకి, అరుదుగా పడే వానకి సరిపోయేలా కట్టినవి. ఇప్పుడు మిగులు నీరు గుట్టలోకి ఇంకుతోంది. ఇసుకరాయి కింద ఉన్న మట్టిపొరలు తడికి మెత్తబడతాయి. బురుజులు కొన్ని కూలిపోయాయి కూడా. 1996లోనే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. 2013లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది.

నేను వెళ్లినప్పుడు ఒక గెస్ట్‌హౌస్ పక్క సందులో గోడ మీద చెయ్యి వేసి చూశాను. మోకాలెత్తు దాకా రాయి చెమ్మగిల్లి నల్లబడింది. గోరు తగిలితే పసుపచ్చటి పొడి రాలింది. కాలవ గట్టున మా పాత మండువా ఇంటికి ఊట పట్టినప్పుడు వచ్చిన వాసనే అక్కడా వచ్చింది. పునాదిలో దిగిన తడి ఇంటిని ఏం చేస్తుందో డెల్టావాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తరతరాలుగా కోటలో కాపురం ఉంటున్నవాళ్లని ఖాళీ చేయమనడం నాకు న్యాయంగా తోచదు. రెండు రాత్రులకి వెళ్లే మనం మాత్రం కింద ఊళ్లో దిగొచ్చు. మేం అక్కడే రూము తీసుకున్నాం, పొద్దున్నే కోటకి నడిచి వెళ్లాం.