ట్యాగు పంపకుండానే ట్యాగు చేరేదెలా

సమాచారాన్ని పేర్లున్న ట్యాగుల మధ్య పెట్టి రాసే ఎక్స్‌ఎంఎల్‌ను జిప్ చేసి పంపితే చాలదా, దాన్ని కుదించడానికి ఈఎక్స్‌ఐ అనే వేరే పద్ధతి ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. పెద్ద ఫైలయితే చాలు. జిప్ చేసే సాధనం జీజిప్‌లోని డిఫ్లేట్ అనే కుదింపు పద్ధతి వెనక్కి 32 కిలోబైట్ల దాకా వెతికి, వచ్చిన మాటే మళ్లీ వస్తే దాని దూరం, పొడవు మాత్రమే రాస్తుంది. చిన్న సందేశంలో మళ్లీ వచ్చే మాటలే తక్కువ. పైగా ముందు 10, చివర 8, మొత్తం 18 బైట్లు జీజిప్ సొంత ఖర్చు. దేన్ని జిప్ చేసినా తగ్గుతుందనుకోవడం బాగా చదువుకున్నవాళ్లలోనూ ఉన్న మూఢనమ్మకం.

సీసీఎస్2 రకం ఫాస్ట్ చార్జరుకు ఎలక్ట్రిక్ కారు తగిలించగానే రెండూ ఎక్స్‌ఎంఎల్ స్కీమా (ఏ ట్యాగు ఎక్కడ, ఏ విలువతో రావచ్చో చెప్పే నియమావళి) ప్రకారమే మాట్లాడుకుంటాయి. బ్యాటరీ 80 శాతం ఉందని చెప్పే ట్యాగు పేరుకు 9 ఇంగ్లిష్ అక్షరాలు. తెరిచే ట్యాగు 11 బైట్లు, విలువ 2, మూసే ట్యాగు 12. మొత్తం 25 బైట్లు, అంటే 200 బిట్లు. దీన్ని జీజిప్ చేస్తే పెరుగుతుంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2011లో ఆమోదించిన ఈఎక్స్‌ఐలో ఇది 10 బిట్లు!

పెళ్లిలో జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు ఏ వరసలో వస్తాయో తెలిసిన ఇద్దరు పురోహితుల మధ్య 'తర్వాతది' అంటే చాలు, పేరు అక్కర్లేదు. కొన్ని ఇళ్లలోనే ఉండే తంతు దగ్గర మాత్రం 'ఉంది', 'లేదు' చెప్పుకోవాలి. స్కీమా అలాంటి వరసే. ఈఎక్స్‌ఐ ప్రతి మెట్టు దగ్గరా ఇక్కడ ఏమేం రావచ్చో లెక్కపెట్టి, వాటిలో ఏది వచ్చిందో తేల్చడానికి సరిపడా బిట్లే రాస్తుంది. శాతం 0 నుంచి 100 దాకా, అంటే 101 విలువలు. 6 బిట్లకు 64 దాటవు కాబట్టి 7 కావాలి. మొదలుకు 1, విలువ వస్తోందనడానికి 1, ముగింపుకు 1. వరసలో లేనిది హఠాత్తుగా వస్తే చోటుండాలని ఈ మూడూ. స్ట్రిక్ట్ ఐచ్ఛికం పెడితే అవీ పోయి 7 బిట్లే మిగులుతాయి. అప్పుడిక స్కీమాలో లేనిదేదీ ఇమడదు.

ఇందులో మనకో లాభముంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 'బ్యాటరీ' అనే పేరుకు 21 బైట్లు, తెరవడానికీ మూయడానికీ కలిపి 42. స్కీమాలోనే ఆ పేరుంటే ఈఎక్స్‌ఐలో దాని బరువు సున్నా. ట్యాగులకు తెలుగు పేర్లు బరువన్న వాదన ఇక్కడ నిలవదు.

చెడేది ఎక్కడంటే, ఇద్దరి వరసలు ఒక్క తంతులో తేడా వచ్చినా ఆ తర్వాతి బిట్లన్నీ తప్పు అర్థమే ఇస్తాయి. అందుకే కారు ముందుగా తనకు తెలిసిన ప్రోటోకాళ్ల జాబితాను ప్రాధాన్య క్రమంలో పంపుతుంది, చార్జరు ఒకటి ఎంచుతుంది. ఈ బిట్ల ప్రవాహం మీద మళ్లీ జీజిప్ వేయడం దండగ: డిఫ్లేట్ వెతికేది బైట్లను, ఇక్కడ ఒకే విలువ ఒకసారి 3వ బిట్ దగ్గర, ఇంకోసారి 6వ బిట్ దగ్గర మొదలవుతుంది. డిఫ్లేట్ కావాలంటే ఈఎక్స్‌ఐలోని కంప్రెషన్ ఐచ్ఛికమే వాడాలి. అది విలువలను బైట్ల హద్దులకు సర్ది, ఒకే రకంవి ఒకచోట చేర్చి, ఆపైనే డిఫ్లేట్‌కు ఇస్తుంది. ఎన్‌క్రిప్షన్ ఉంటే అది కుదింపు తర్వాతే. ముందు చేస్తే కుదించడానికి ఏమీ దొరకదు.