పార్టనర్‌ను ఎంచుకునేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఆడిటర్‌గా నేను చూసే పొత్తు వ్యాపారాలు ఎక్కువగా రెండు రకాలు. కొండకొచ్చే యాత్రికుల మీద నడిచే లాడ్జీలు, ట్రావెల్స్ ఒకటి, చిత్తూరు వైపు మామిడి మండీలు, గుజ్జు ఫ్యాక్టరీలు ఇంకొకటి. డీడ్ (పొత్తు ఒప్పంద పత్రం) రాయించుకోవడానికి వచ్చినవాళ్లు చెప్పే మాటలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: "మా బామ్మర్దే సార్, కొత్తగా చూసేదేముంది?"

వాస్తవం: బామ్మర్దిగా ఆయన మీకు తెలుసు. డబ్బు దగ్గర ఎలాంటివాడో దామలచెరువు మామిడి మండీవాళ్లకు తెలుసు. తోతాపురి మామిడికాయ సీజన్‌లో ఒక్కసారిగా వచ్చి పడుతుంది, గుజ్జు అమ్ముడై డబ్బు చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఆ మధ్యలో రైతుకు, లారీ ఓనరుకు, కూలీల మేస్త్రీకి ఎవరికి ముందు సర్దాడు, ఎవరిని తిప్పుకున్నాడు? ఆలస్యం ఎవరికైనా అవుతుంది. ఫోనెత్తి "ఈ వారం సగం తీసుకో" అనేవాడికీ, ఫోనే ఎత్తనివాడికీ చాలా తేడా ఉంది. అందుకే ఆయన చెప్పిన మనుషులను నేను అడగను, వాళ్లు ఎలాగూ మంచే చెప్తారు. ఆయన బాకీ ఉన్నవాళ్లను అడగమంటాను.

అపోహ: "ఇల్లు, కారు చూశాం. ఆస్తిపరుడే."

వాస్తవం: రిజిస్టరైన తాకట్టు ఉంటే ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడుతుంది, తీయించండి. జీఎస్టీ పోర్టల్‌లో ఆయన నంబరు కొడితే ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారో లాగిన్ లేకుండానే తెలుస్తుంది. నెలనెలా లేటుగా వేస్తుంటే చేతిలో డబ్బు ఆడటం లేదేమోనని అనుమానించాలి. ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరుతో వెతికితే చెక్ బౌన్స్ కేసులుంటే బయటపడతాయి. మన ఊళ్లో బాలాజీలకూ శ్రీనివాసులకూ కొదవ లేదు కాబట్టి తండ్రి పేరు కూడా సరిచూసుకోండి, లేదంటే పాపం ఎవరి కేసో ఈయన నెత్తిన పడుతుంది. అప్పులు ఎలా కట్టాడో చూపే సిబిల్ రిపోర్టు మాత్రం ఆయనే తీసి ఇవ్వాలి. ముందు మీది ఆయన చేతిలో పెట్టి అడిగితే మొహమాటం ఉండదు. అప్పటికీ దాటేస్తుంటే, నేనైతే డీడ్ అక్కడే ఆపేస్తాను.

అపోహ: "నేను స్లీపింగ్ పార్టనర్‌ని, డబ్బు పెట్టడమే తప్ప వ్యాపారం నడపను. నా పెట్టుబడి వరకే రిస్కు."

వాస్తవం: కాదు. 1932 భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం, మీరు పార్టనర్‌గా ఉన్న కాలంలో ఫర్మ్ చేసిన పనులకు అందరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులే. మీ పార్టనర్ దగ్గర డబ్బు లేకపోతే అప్పులాయన మీ ఇంటికే వస్తాడు. పెట్టుబడి వరకే ఉండాలంటే 2008 చట్టం కింద ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే పొత్తు సంస్థ) పెట్టుకోండి. అందులోనూ బ్యాంకు పర్సనల్ గ్యారంటీ అడిగితే, ఆ సంతకం సంతకమే.

అపోహ: "నోటిమాట చాలు, రిజిస్ట్రేషన్ ఎందుకు?"

వాస్తవం: రిజిస్టర్ కాని ఫర్మ్‌లో, ఒప్పందం ప్రకారం రావాల్సినదానికి పార్టనర్ మీద దావా వేయడానికి 1932 చట్టంలోని 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఫర్మ్ మూసేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగొచ్చు. వాటాలు రాసుకోకపోతే లాభమూ నష్టమూ సమానమే, పెట్టుబడి ఎవరిది ఎంతైనా సరే.

అపోహ: "పడకపోతే బయటికొచ్చేస్తా."

వాస్తవం: మీరు పార్టనరని తెలిసిన బయటివాళ్ల దృష్టిలో, పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా బాధ్యత మీదే. రిజిస్టరైన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్‌కు తెలపాలి, గెజిట్‌లో వేయించాలి, జిల్లాలో చదివే ఒక తెలుగు పేపర్లోనూ వేయించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మొదటి డీడ్‌లోనే ఒక లైను రాయించండి.