నాలుగు ట్రాక్టర్ల ఎర్రమట్టితో పార్కు కాదు: అపోహలు - వాస్తవాలు

"ఎర్రమట్టి నాలుగు ట్రాక్టర్లు పోయించినం సార్, అయినా మొక్కలు బతుకుతలేవు." నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా నన్ను పిలిచిన కాలనీల్లో ముందు వినిపించే మాట ఇదే. గచ్చు పరిచి వదిలేసిన జాగలను మళ్లీ పచ్చగా చేయడం నా పని. అందుకే ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: సిమెంటు తీసి ఎర్రమట్టి పోస్తే చాలు, మొక్క అదే పట్టుకుంటుంది.

వాస్తవం: మొక్కను చంపేది పైనున్న సిమెంటు కాదు, దాని కింద రోలర్ తొక్కిన పొర. సీసీ వేసే ముందు మొరం, కంకర పోసి, నీళ్లు కొట్టి రోలర్ తిప్పుతారు. అందులో గాలికీ నీటికీ వేరుకూ సందు ఉండదు. దాని మీద అడుగు మందం మట్టి పోస్తే మొక్క తొట్టిలో పెట్టినట్టే. మొదటి వానాకాలం పచ్చగానే ఉంటుంది, అందరూ ఫొటోలు దిగుతారు. వేర్లు గట్టి పొరకు తగిలి పక్కకు తిరుగుతాయి. ఏప్రిల్ ఎండకు పైమట్టి ఆరిపోగానే మొక్క కొనల నుంచి మాడుతుంది. మట్టే మంచిది కాదని ఇంకో నాలుగు ట్రాక్టర్లు తెప్పిస్తారు. కాలనీ చందాలు మట్టిపాలయ్యేది ఇక్కడే.

మట్టి కొనక ముందు అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. మర్నాడు పొద్దున కూడా నీళ్లు నిలిచి ఉంటే కింద గట్టి పొర ఉన్నట్టే. దాన్ని జేసీబీతోనో గడ్డపారతోనో కనీసం 2 అడుగులు, చెట్టు పెట్టే చోట 3 అడుగులు గుల్ల చేసి కంకర ఏరేయాలి. చెరువు పూడిక మట్టి మంచిదే, కానీ పొరగా పరిస్తే నీళ్లు కిందికి దిగవు. కింది మట్టిలో కలిసేలా తిరగేయించండి.

నల్లగొండలో ఒకచోట ఎండిన కానుగ మొక్కను పీకి చూస్తే వేర్లకు పాలిథిన్ షీటు చుట్టుకుని ఉంది. సీసీ కింద పరిచిన కవరు అది, ఎవరూ తీయలేదు. పక్క మొక్కకు లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. సిమెంటు పెళ్లల సున్నం మట్టిలో చేరి ఇనుము వేరుకు అందనప్పుడు ఆకు అలా మారుతుంది. మాలి పాపం యూరియా వేస్తూనే ఉన్నాడు. యూరియాతో అది తగ్గదు. పెళ్లలు ఏరి, పశువుల ఎరువు దండిగా కలిపి, పైన పల్లి పొట్టు పరవాలి. పాలమూరు దిక్కు పొట్టుకు కొదవ లేదు.

అపోహ: నీళ్లు ఇంకితే పక్కింటి గోడలు కుంగుతాయి.

ఈ భయాన్ని నేను తీసిపారేయను. పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న ఇల్లు కదా. మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దమ్మ పని జరిగినన్ని రోజులూ గోడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. "బిడ్డా, నా గోడకేమన్న అయితే ఎవరు కట్టిస్తరు?" అంది. చల్క నేల తడికి పెద్దగా ఉబ్బదు, అక్కడ అంత భయం అక్కర్లేదు. నల్లరేగడి మాత్రం తడికి ఉబ్బి ఎండకు నెర్రెలు ఇస్తుంది. అక్కడ గోడ వెంట 3 అడుగుల గచ్చు తీయకుండా వదలండి. ఏ నేలైనా వాలు గోడ నుంచి బయటికే ఉండాలి. మర్రి, రావి ఇళ్ల దగ్గర వద్దు. పిల్లలమర్రిని చూసిన పాలమూరు వాళ్లకు మర్రి ఎంత పాకుతుందో నేను చెప్పాలా!

మిగతావి గబగబా. దోమలు పుట్టేది నిలిచిన నీళ్లలో, ఇంకే నేలలో కాదు. ఒక్క పార్కుతో బోర్లలో ఫ్లోరైడ్ పోదు, అది గ్రానైట్ రాయిలోంచి వచ్చేది. కోనోకార్పస్ ఆక్సిజన్ గనిలాంటిదన్న వాట్సాప్ మెసేజీలు దయచేసి పంపకండి. వేప, కానుగ, నేరేడు పెట్టండి. గుంట జాగతో ఏమొస్తుంది అనకండి. గుంట అంటే 121 చదరపు గజాలు, దాని మీద అంగుళం వాన పడితే సుమారు 2,500 లీటర్లు. గచ్చు ఉంటే అదంతా మోరీ పాలే. డబ్బుల్లేవంటే, మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని 2019 తెలంగాణ మున్సిపల్ చట్టంలోనే ఉంది, వార్డు సభలో అడగండి.

మేలో పగలగొట్టి గుల్ల చేయండి. జూన్‌లో రెండు మూడు మంచి వానలు పడి మట్టి కుంగినంత కుంగాక నాటండి. ప్రారంభోత్సవం తేదీ దగ్గర పడిందని గుల్ల చేయని నేలలో నాటమంటే మాత్రం నేను నాటను.